విప్పుటకు వీలులేని టార్చిలైటు కొనవద్దు

ఇచ్ఛాపురము మండలములో సముద్రపుటొడ్డున ఉన్న డొంకూరు మొదలుకొని దక్షిణమున వజ్రపుకొత్తూరు వరకు గల ఉద్దానపు తీరములో చీకటితో పనిలేని కుటుంబము లేదు. వేట తెప్పలు తెల్లవారకముందే నీటిలోనికి దిగును. జీడిపిక్కలు రాలు రోజులలో వాటిని ఏరుటకు స్త్రీలు మసక వెలుతురులోనే తోటలకు బయలుదేరుదురు. కోతలైన పిమ్మట వరికుప్పలకు కాపలా ఉండవలెను. వర్షాకాలములో గట్టు తెగినదేమోయని రాత్రిపూట మడికి పోయి చూచి రావలెను. వీటికి తోడు పాముల భయము, కొండలనుండి తోటలలోనికి దిగు ఎలుగుబంట్ల భయము ఉండనే ఉన్నవి. 2022 జూన్ నెలలో వజ్రపుకొత్తూరు మండలములో ఎలుగుబంటి మనుష్యులమీద పడిన సంగతి పాఠకులు మరచియుండరు. దీపము చూచి ఎలుగుబంటి పారిపోవునని నేను చెప్పుట లేదు. దీపమున్న మనిషి దానిని కొంత దూరమునుండియే చూచి వెనుకకు తిరుగగలడు. లేనివాడు దాని మీదికే నడచును.

పూర్వము ఈ పనులకు లాంతరు ఉండెడిది. తరువాత మూడు సెల్లుల టార్చిలైటు వచ్చినది. ఇప్పుడు నుదుట కట్టుకొను దీపము, చేతిఫోను, పడవమీద జీపీఎస్ పరికరము, చిన్న రేడియో, ఇవన్నియు ఒకే ఇంటిలో కనిపించుచున్నవి. గ్రామములో పంట నమోదు చేయు మా వ్యవసాయ సహాయకులు సైతము పొలము గట్టున నిలిచి ఫోనులోనే ఈ-పంట వివరములు ఎక్కించి, ఫొటో తీయుచున్నారు. మధ్యాహ్నమునకు ఆ ఫోను ఆగిపోయినచో ఆ పూట నమోదు కూడ ఆగినట్లే.

ఇన్నిటికిని ప్రాణము బ్యాటరీ. విత్తనము కొనునప్పుడు మన రైతు సంచిమీది చీటీ చదువును, మొలకశాతము అడుగును, గింజ కొరికి చూచును. బ్యాటరీ విషయములో మాత్రము దీపము ఎంత తెల్లగా వెలుగుచున్నదో చూచి డబ్బిచ్చి వచ్చుచున్నాడు. ఈ అలవాటు మారవలెనని నా అభిప్రాయము. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

వారపు సంతలలోను, బస్సుస్టాండుల దగ్గరను అమ్ము చౌక టార్చిలైట్లను గమనింపుడు. చాలవాటికి మరలు కనిపించవు. బ్యాటరీ లోపలనే టంకము పెట్టి అతికించబడి యుండును. వెనుకవైపున అగ్గిపెట్టె కంటె కొంచెము పెద్దదైన నల్లని పలక ఒకటి అంటించి, పైన ‘సోలార్’ అని పెద్ద అక్షరములతో వ్రాయుదురు. ఒక వర్షాకాలము బాగుగనే వెలుగును. రెండవ సంవత్సరము పది నిమిషములకే మసకబారును. మూడవ సంవత్సరము ఆ వస్తువు చూరులో ఉండును, లేదా పిల్లల చేతిలో బొమ్మగా ఉండును. విప్పి చూచినచో దీపము చెడలేదు, మీట చెడలేదు, డొల్ల చెడలేదు. లోపలి బ్యాటరీ ఒక్కటే చచ్చినది. ఎద్దు చచ్చినదని బండిని కూడ తగులబెట్టినట్లున్నది మన వ్యవహారము.

అది ఎందుకు చచ్చుచున్నదో తెలిసికొనుట అవసరము. ఈ చౌక దీపములలో కొన్నింటిలో చిన్న సీసపు బ్యాటరీ ఉండును. సీసపు బ్యాటరీ ఖాళీగా ఉండుటను ఓర్వలేదు. ఖాళీ అయిన వెంటనే నింపవలెను. లేనిచో లోపలి పలకలమీద గంధకితపు పొర గట్టిపడి, తిరిగి ఎంత కరెంటు పెట్టినను కరగదు. ఇప్పుడు డొంకూరు వంటి ఊరి సంగతి తలంపుడు. తూర్పు తీరములో ఏప్రిలు 15 నుండి జూన్ 14 వరకు, అనగా 61 రోజులు, మరపడవల వేట నిషేధము. ఆఖరి వేటనుండి వచ్చి, సగము ఖాళీ అయిన దీపమును మేకుకు తగిలించిన మత్స్యకారుడు తిరిగి దానిని జూన్ నెలలో తీయును. రెండు నెలలు పస్తులుంచిన పశువును కాడికి కట్టినచో ఏమగును? దుకాణదారుని తిట్టిన లాభము లేదు. బ్యాటరీ స్వభావమే అంత.

రెండవ కారణము ఆ నల్లని పలక. దీనిని గురించి లెక్కతో చెప్పుట మేలు. పలక ఐదు సెంటీమీటర్ల పొడవు, ఐదు సెంటీమీటర్ల వెడల్పు ఉన్నదనుకొందము. మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్లు. ఆ చిన్న పలకమీద పడునది రెండున్నర వాట్లు మాత్రమే. మంచి పలక దానిలో ఐదవ వంతును కరెంటుగా మార్చగలదు. చౌకపలక అంత కూడ మార్చదు. ఎంత ఉదారముగా లెక్కించినను అర వాటుకు లోపే వచ్చును. లోపలి లిథియం సెల్లు నిండుటకు తొమ్మిది వాట్-గంటలు కావలెను. నష్టములు కలుపుకొన్నచో ముప్పది గంటల నిండు ఎండ అవసరము. మన జిల్లాలో సంవత్సరము సగటున రోజుకు ఐదు గంటల నిండు ఎండ లెక్కకు వచ్చును. అనగా దీపమును ఆరు రోజులు ఎండలో పెట్టినచో ఒకసారి నిండును! శ్రావణ మాసపు మబ్బులలో ఎన్ని రోజులు పట్టునో పాఠకులే లెక్కించుకొనవచ్చును.

పోనీ, ఆరు రోజులు పెట్టుదమన్నచో అక్కడ మరియొక చిక్కు ఉన్నది. పలక టార్చికే అతికి యున్నది కనుక, పలకకు ఎండ కావలెనన్నచో బ్యాటరీ కూడ ఎండలో మాడవలెను. నల్లని డొల్లలో, ఇసుకమీద, మే నెల మధ్యాహ్నము ఎంత వేడి పుట్టునో చేయి పెట్టి చూచినవారికి తెలియును. లిథియం బ్యాటరీని 45 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడిలో నింపరాదు. అంత వేడిలో నింపిన కొలది దాని ఆయువు తగ్గిపోవును. ఒక్కొక్కసారి ఉబ్బును, అంటుకొనును కూడ. వేసవి వేరుశనగ విత్తనమును మండుటెండలో ఆరబెట్టిన మొలక చెడునని, నీడన ఆరబెట్టవలెనని మా శాఖ ఎంతో కాలముగా చెప్పుచున్నది, రైతులు ఆచరించుచున్నారు. బ్యాటరీ కూడ అట్టిదే. పలకకు ఎండ కావలెను, బ్యాటరీకి నీడ కావలెను. రెంటిని ఒకే డొల్లలో బిగించుట తప్పుడు ఏర్పాటు.

ఈ సంగతి క్రొత్తది కాదు. పనికివచ్చు సిలికాన్ సౌరఘటమును 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు ప్రదర్శించిరి. ఆ నాటిది తనమీద పడిన ఎండలో నూటికి ఆరు వంతులను మాత్రమే కరెంటుగా మార్చినది. మరుసటి సంవత్సరమే, అనగా 1955లో, జార్జియా రాష్ట్రమున అమెరికస్ అను ఊరివద్ద దానిని పల్లె టెలిఫోను లైనుకు పెట్టి చూచిరి. స్తంభముపైన పలక, రాత్రికి కరెంటు దాచుటకు వేరుగా నిల్వ బ్యాటరీ. మొదటినుండియు ఈ రెండును వేరుగనే ఉన్నవి. సంతలో అమ్మువారు వాటిని అతికించినది మన సౌకర్యము కొరకు కాదు, అమ్మకపు సౌకర్యము కొరకు.

ఏది కొనవలెను?

వెనుక మూత మరత్రిప్పి తీయుటకు వీలై, సెల్లు చేతికి వచ్చు దీపమునే కొనుడు. రెండు రకముల సెల్లులు ప్రస్తుతము అంతటను దొరకుచున్నవి. మొదటిది మనము పెన్సిలు సెల్లు అనునది. దీనిలో తిరిగి నింపుటకు వీలైన నికెల్ మెటల్ హైడ్రైడు రకము కలదు. రెండవది 18650 అను అంకె గల లిథియం సెల్లు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండుటచేత దానికి ఆ పేరు వచ్చినది.

పెన్సిలు సెల్లును నేను ఎక్కువగా మెచ్చుకొందును. ఏలననగా అత్యవసరమైనప్పుడు దాని స్థానములో కిరాణా కొట్టులో దొరకు మామూలు పొడి సెల్లు వేసికొని పని గడుపుకొనవచ్చును. రేడియోకు, చేతి జీపీఎస్‌కు, గోడగడియారమునకు కూడ అదే సెల్లు సరిపోవును. మామూలు పొడి సెల్లు 1.5 వోల్టులు, నింపు సెల్లు 1.2 వోల్టులు చూపును. దీనిని చూచి ‘తక్కువ రకము’ అని కొందరు తిరిగి ఇచ్చివేయుచున్నారు. అది పొరపాటు. పొడి సెల్లు వాడుచున్న కొలది దాని వోల్టులు దిగిపోవుచుండును. నింపు సెల్లు చివరివరకు ఇంచుమించు ఒకే స్థాయిలో నిలుచును. అయితే కొన్ని జీపీఎస్ పరికరములు ఈ 1.2ను చూచి, నిండుగా ఉన్న సెల్లును ఖాళీ అయినట్లు చూపును. అట్టివాటిలో బ్యాటరీ రకము తెలుపు అమరిక ఉండును. ఒకసారి మార్చినచో సరిపోవును.

ధర మాటకు వచ్చినచో, నింపు సెల్లు పొడి సెల్లు కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. పదిహేను రెట్లు అనుకొన్నను, పదునారవసారి నింపిన నాటినుండి రైతుకు లాభమే. సరిగా వాడినచో కొన్ని వందలసార్లు నింపవచ్చును. నింపుటకు దానికని చేసిన చార్జరునే వాడవలెను. పొడి సెల్లులను మాత్రము ఎన్నడును చార్జరులో పెట్టరాదు, కారును, పగులును. ఒక దీపములో క్రొత్త సెల్లును పాత సెల్లును కలిపి వేయరాదు. జోడు కుదరని ఎడ్లు బండిని ప్రక్కకు లాగినట్లు, బలహీనమైన సెల్లు ముందుగా ఖాళీయై, తక్కిన దాని తోపుడుకు చెడిపోవును.

లిథియం సెల్లులో మోసము ఎక్కువ. దానిపై అతికించిన కాగితముమీద 9,900 మిల్లీ ఆంపియర్-గంటలని అచ్చువేసి అమ్ముచున్నారు. ఆ కొలత డొల్లలో మంచి తయారీదారులు పట్టించగలిగినది మూడున్నర వేలకు అటుయిటు మాత్రమే. కనుక పెద్ద అంకె చూచి మోసపోవద్దు. పెద్ద అంకె ఉన్నదన్నచో మోసమున్నదనియే అర్థము. తూచి చూచుట ఒక ఉపాయము. సరియైన సెల్లు 45 గ్రాములకు అటుయిటుగా తూగును. ముప్పది గ్రాములే తూగినచో లోపల సరకు తక్కువన్నమాట. కంసాలి త్రాసులో పెట్టి చూచినను చాలును. లిథియం సెల్లులకు భారత ప్రమాణము ఐ.ఎస్. 16046 కలదు; ఆ అంకె, నమోదు సంఖ్య ముద్రించినవే కొనవలెను. ఈ సెల్లులను పూర్తిగా నింపి గాని, పూర్తిగా ఖాళీచేసి గాని నెలల తరబడి దాచరాదు. సగము నింపి చల్లని చోట దాచవలెను. వేట నిషేధపు రెండు నెలలకు ఇది సరియైన పద్ధతి.

దీపపు వెలుగును తగ్గించుకొనుట కూడ పొదుపే. తొమ్మిది వాట్-గంటల సెల్లు మూడు వాట్ల వెలుగును మూడు గంటలు ఇచ్చును. ఒక వాటు వెలుగును తొమ్మిది గంటలు ఇచ్చును. గట్టుమీద నడచుటకు ఒక వాటు చాలును. ఆకాశమును పొడుచునట్టి కాంతి కావలెనని కుర్రవాండ్రు కోరుచున్నారు గాని, అది పెండ్లి ఊరేగింపుకు పనికివచ్చును.

ఎండపలక సంగతి

ఇంటికి ఒకటి, లేదా ఇద్దరు ముగ్గురు అన్నదమ్ముల ఇండ్లకు కలిపి ఒకటి, విడిగా ఎండపలక ఉంచుకొనుట మంచిది. పది వాట్ల పలక సుమారు అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉండును. నిర్మలమైన రోజున, వేడికి, దుమ్ముకు, తీగెలలో పోవు నష్టమునకు తీసివేయగా ముప్పది వాట్-గంటల పైచిలుకు చేతికి వచ్చును. దానితో ఒక చేతిఫోను, ఒక టార్చి సెల్లు నిండును. కుటుంబము పెద్దదైనచో ఇరువది వాట్ల పలక తీసికొనవచ్చును. పలకకును బ్యాటరీకిని నడుమ కరెంటును అదుపుచేయు చిన్న పెట్టె తప్పక ఉండవలెను. పన్నెండు వోల్టులదని అమ్ము పలక ఎండలో ఇరువది వోల్టులకు పైగా చూపును. దానిని తిన్నగా ఫోనుకు గాని సెల్లుకు గాని కలిపినచో నష్టము తప్పదు.

ఉద్దానములో ఈ పలకకు ప్రధాన శత్రువు కొబ్బరాకు నీడ. పలకలోని ఘటములన్నియు ఒకదాని వెనుక ఒకటిగా గొలుసువలె కలుపబడి యుండును. పంటకాలువకు ఒకచోట అడ్డుకట్ట వేసినచో దిగువకు నీరు రానట్లే, ఒక్క ఘటముమీద నీడపడినచో పలక మొత్తపు కరెంటు పడిపోవును. పలకలో పదవ వంతు నీడ పడినది గదా, పదవ వంతే పోవుననుకొనరాదు. సగమునకు పైగా పోవచ్చును. కనుక పెరటిలో చెట్టునీడ పలచగా ఉన్నదని అక్కడ పెట్టక, ఉదయము తొమ్మిదినుండి మధ్యాహ్నము మూడువరకు నీడ రాని చోటు వెదకవలెను. చాల ఇండ్లకు అట్టి చోటు కళ్ళమే. దక్షిణముఖముగా, నేలకు సుమారు పందొమ్మిది డిగ్రీల వాలుతో పెట్టవలెను. మన ఇచ్ఛాపురము ప్రాంతపు అక్షాంశము అంతే. ఇంత సూక్ష్మము కొలుచుట కష్టమన్నచో, మూడడుగుల పొడవునకు ఒక అడుగు ఎత్తు లేపిన సరిపోవును.

పలకకు ఎండ కావలెను గాని వేడి కాదు. వేడెక్కిన కొలది, డిగ్రీకి నూటికి అర వంతుకు కొంచెము తక్కువగా, కరెంటు తగ్గును. వేసవి మధ్యాహ్నము ఈ నష్టము ఆరింట ఒక వంతు వరకు పోవును. పెంకులమీద బోర్లా పరచక, క్రింద జానెడు ఎడముంచినచో గాలి ఆడి కొంత మిగులును. తీరపు ఊళ్ళలో పలకమీద ఉప్పు పొర చేరును. వారమునకొకసారి ఉదయము, అద్దము చల్లగా ఉన్నప్పుడే, మంచినీటితో కడిగి మెత్తని గుడ్డతో తుడువవలెను. సెల్లు కొసలమీద, టార్చి లోపలి స్ప్రింగుమీద పచ్చగా చిలుము పట్టినచో దీపము వెలుగదు; సెల్లు చెడినదని పారవేయక ముందు దానిని గీకి చూడుడు.

కరెంటు ప్రతి ఊరికి వచ్చినది గదా, ఈ పలకల గొడవ ఎందుకని అడుగువారున్నారు. వారి మాటలో సగము నిజమున్నది. మామూలు రోజులలో గోడ ప్లగ్గులోనే నింపుకొనుడు. ఒక యూనిటు కరెంటుతో టార్చి సెల్లును సుమారు ఎనుబదిసార్లు నింపవచ్చును. దానికి ఎండపలక కొని పొదుపు చేయగలిగినది పైసలలోనే ఉండును. ఆ పొదుపు కొరకే పలక కొనుమని ఎవరైన చెప్పినచో నమ్మవద్దు. పలక కొనవలసినది మూడు చోట్లకు: తీగె పోని తోటకాపలా పాకకు, సముద్రములోనికి పోవు తెప్పకు, తుఫాను తరువాతి రోజులకు.

డొంకూరు తీరమునుండి పోవు చిన్న తెప్పల ఇంజనులు చాలవాటికి బ్యాటరీని నింపు ఏర్పాటు లేదు. ఒడ్డున నింపుకొని పోయినదే సముద్రముమీద ఆధారము. ఇక ఫోను సంగతి. చేపలు దొరకు తావులు, అలల ఎత్తు, గాలి వేగము హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ తెలుగులోనే తెలుపుచున్నది. 2017లో వచ్చిన ఓఖీ తుఫానులో అప్పటికే సముద్రముమీద ఉన్నవారికి హెచ్చరిక అందక ఎందరో ప్రాణములు కోల్పోయిరి. ఫోను సంకేతము అందని దూరములో కూడ ఉపగ్రహముద్వారా హెచ్చరిక చేరవేయు జెమిని అను పరికరమును 2019 అక్టోబరులో కేంద్రప్రభుత్వము విడుదల చేసినది. అయితే ఆ పెట్టె పట్టిన వార్తను చూపునది చేతిఫోనే. ఫోను ఆరిపోయినచో ఉపగ్రహము ఎంత అరచినను తెప్పమీది మనిషికి వినబడదు.

సముద్రముమీద ఫోను త్వరగా ఆరిపోవుటకు ముఖ్యకారణము ఒకటి కలదు. ఒడ్డు టవరు అందనప్పుడు ఫోను దానికొరకు ఎడతెగక వెదకుచుండును. ఆ వెదకుటలోనే బ్యాటరీ కరగిపోవును. టవరు దాటిన తరువాత ఫోనును విమానపు గుర్తు గల అమరికలో పెట్టినచో ఆ వెదకుట ఆగును. చాల ఫోనులలో జీపీఎస్ అప్పటికిని పనిచేయుచునే ఉండును. తిరిగి ఒడ్డు సమీపించునప్పుడు తీసివేయవలెను. జెమిని వాడువారు మాత్రము బ్లూటూత్‌ను తిరిగి విడిగా వేసికొనవలెను. దీనికి కానీ ఖర్చు లేదు. ఫోనును, నింపిన సెల్లులను వేర్వేరు సంచులలో, గాలి చొరకుండ మూతికట్టి ఉంచవలెను. విడి సెల్లులను గాలపు తీగెలు, నాణెములు ఉన్న జేబులో వేయరాదు. రెండు కొసలు లోహముతో కలిసినచో నిప్పు పుట్టును.

తుఫాను రోజులు

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మనకు ఎగువన గోపాలపురమువద్ద తీరము దాటినది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున దాటినది. తిత్లీ గాలికి కొబ్బరి, జీడితోటలు నేలకొరుగుటయే కాక, కరెంటు స్తంభములు కూలి ఉద్దానపు పల్లెలు రోజుల తరబడి చీకటిలో ఉండిపోయినవి. అప్పుడు గ్రామములో కావలసినవి కొద్దిపాటివే. పడిన చెట్ల నడుమ దారి చూచుకొనుటకు దీపము, పట్టణములోని కొడుకుతో మాట్లాడుటకు ఫోను, వార్త వినుటకు రేడియో. ఇవన్నియు గుప్పెడు సెల్లులతో నడచునవే. ఆ గుప్పెడు నిండుగా లేకపోవుటయే కష్టము.

ఇక్కడ ఎండపలకను నమ్మి కూర్చుండరాదు. తుఫానుకు ముందు ఒకటి రెండు రోజులు, తరువాత కొన్ని రోజులు ఆకాశము మూసికొని యుండును. పలక నామమాత్రముగా పనిచేయును. పైగా గాలి రాకముందే దానిని విప్పి ఇంటిలోనికి తెచ్చి పెట్టవలెను. లేనిచో ఎగిరి ఎవరిని గాయపరచునో తెలియదు. కనుక తుఫాను మొదటి మూడు నాలుగు రోజులకు ఆధారము ముందుగా నింపి దాచిన సెల్లులే. మబ్బు విడిన తరువాత పలక. ఇల్లు కాలుచుండగా నూయి త్రవ్వినట్లు హెచ్చరిక విన్న సాయంత్రము ప్లగ్గుల దగ్గర గుమిగూడుట ప్రతియేట చూచుచున్నాము. ఆ సాయంత్రమే కరెంటు పోవుట కూడ ఇంచుమించు ప్రతియేట జరుగుచున్నది.

దాచుటకు ఏ సెల్లు తగినదో చెప్పవలెను. మామూలు నికెల్ మెటల్ హైడ్రైడు సెల్లు ఊరక ఉన్నను చిల్లికుండవలె కారిపోవును. నెలకు నాలుగవ వంతు పోయినను ఆశ్చర్యము లేదు. 2005 ప్రాంతమునుండి కారుదల తక్కువగల రకము అంగళ్ళకు వచ్చినది. సంవత్సరము గడచినను చాల వంతు నిలువయుండును. ముందుగనే నింపి, కొన్న వెంటనే వాడవచ్చునని పెట్టెమీద వ్రాసి అమ్మునవి ఈ రకమే. వీటిని ఎనిమిదింటిని సెప్టెంబరు నెలాఖరున నింపి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి, దానిలోనే ఒక టార్చి, ఒక చిన్న రేడియో పెట్టి, డిసెంబరు నడిమివరకు ముట్టకుండ ఉంచవలెను. పిల్లలు బొమ్మలకు తీయకుండ చూచుకొనుట గృహిణుల వంతు. వారు ఈ పనిని మగవారి కంటె బాగుగా చేయుదురు.

ఇక గ్రామోద్యోగులతో ఒక మాట. తుఫాను సహాయముగానో, ఏదైన పథకము క్రిందనో టార్చిలైట్లు, సోలారు లాంతర్లు పంచుట మనకు అలవాటు. పంచిన సంఖ్య నివేదికలో వ్రాయుదుము. రెండు సంవత్సరముల తరువాత వాటిలో ఎన్ని వెలుగుచున్నవో ఎవరును వ్రాయరు. శాఖలో పనిచేయు నేను ఇట్లు అనుట కొందరికి రుచింపకపోవచ్చును. అయినను, కొనుగోలు కాగితములో వాట్లు, వారంటీ మాత్రమే కాక, ‘సాధనము లేకుండ సెల్లు మార్చుటకు వీలుండవలెను, సెల్లు మామూలు అంగడిలో దొరకు కొలతదై యుండవలెను’ అను ఒక్క వాక్యము చేర్చినచో, పంచిన దీపములు మరికొన్ని సంవత్సరములు వెలుగును. సంఖ్య కొంచెము తగ్గినను నష్టము లేదు. నూరు దీపములు పంచి రెండేండ్లకు చీకటిలో పడుట కంటె, అరువది పంచి అవి పదేండ్లు నడచుట మేలు గదా!

అట్లే రైతు సేవా కేంద్రములలో ఒక బల్లమీద ఇరువది వాట్ల పలకకు తగిలించిన చార్జరు ఒకటి ఏర్పాటు చేసికొనుట పెద్ద పని కాదు. ఈ-పంట నమోదు రోజులలో సిబ్బంది ఫోనులకు అది ఉపయోగపడును. తుఫాను రోజులలో ఊరందరికి ఉపయోగపడును. దానికి ఒక మనిషిని బాధ్యునిగా వ్రాసి పెట్టవలెను. అందరిది అయినచో ఎవరిదియు కాక, తీగె ఒకరింట, పలక ఒకరింట చేరును.

చచ్చిన సెల్లుల సంగతి కూడ ఇక్కడనే తేల్చవలెను. వాటిని జీడితోట గుంటలో పూడ్చుట, ఆకులతో కలిపి కాల్చుట రెండును ప్రమాదమే. లిథియం సెల్లు మంటలో ప్రేలును. సీసపు బ్యాటరీలోని సీసము నేలలోను నీటిలోను చేరినచో తిరిగి తీయుట మన చేతిలో లేదు. త్రాగునీటిని గురించి ఇప్పటికే దిగులుపడుచున్న ఉద్దానములో ఈ అదనపు బెంగ ఎందుకు? 2022లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన బ్యాటరీ వ్యర్థముల నిబంధనలనుబట్టి వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించి శుద్ధికి పంపించు బాధ్యత తయారీదారులదే. పెద్ద బ్యాటరీలను అంగడివాడు పాతవాటికి ధర కట్టి తీసికొనును. చిన్న సెల్లులకు ఆ అలవాటు పల్లెలకు ఇంకను రాలేదు. కేంద్రములో ఒక మట్టికుండనో, ప్లాస్టికు డబ్బానో పెట్టి, కొసలకు అంటుకాగితము చుట్టిన చచ్చిన సెల్లులను అందులో వేయించి, నిండినప్పుడు పలాసకో టెక్కలికో పోవువారి చేత బ్యాటరీ వ్యాపారికి పంపవచ్చును.

క్రొత్త సెల్లు కొన్ననాడు దానిమీద చెరగని సిరాతో నెల, సంవత్సరము వ్రాయుడు. జోడీలకు ఒకే గుర్తు పెట్టుడు. ఏ అంగడి సెల్లు ఎన్నేండ్లు నిలిచినదో మూడేండ్లలో మీ చేతిలోనే లెక్క ఉండును. మరుసటి కొనుగోలుకు మమ్ములను గాని, అంగడివానిని గాని అడుగవలసిన పని ఉండదు. ఈ ఏడు సెప్టెంబరు ఆఖరు వారములో డబ్బా నింపువారు, ముందుగా మూత విప్పి స్ప్రింగుల చిలుము తుడిచి, సెల్లులన్నిటిని ఒకసారి దీపములో వేసి వెలిగించి చూచిన తరువాతనే మూత పెట్టవలెను.